ఇసుక దిబ్బ మీద ముగ్గురు

ఆ రోజు నేను ముగ్గురు మనుషుల్ని ఏటి మధ్యలో ఇసుక దిబ్బ మీద దించి, వాళ్లను అక్కడే వదిలేసి ఖాళీ పడవతో ఒడ్డుకు వచ్చేశాను. తెలిసే చేశాను. గంటన్నర ఎండలో మాడితే బుద్ధొస్తుందనుకుంటూ, తెడ్లు బలంగా వేసుకుంటూ వచ్చాను. ఆ ముగ్గురిలో ఒకామెకు డెబ్బై ఏళ్లు ఉంటాయి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

మా ఊరు జువ్వలదిన్నెకు దక్షిణాన, ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట ఉంది. మాది చేపలు పట్టుకొని బతికే ఊరు. ఏట్లో చేప తగ్గాక ఆరుగురం కలిసి పడవలు బాగు చేయించుకొని, చూడవచ్చే వాళ్లను తిప్పడం మొదలుపెట్టాం. మోటారు పెట్టలేదు. తెడ్లు వేసి నడపడమే. లోతు తక్కువైన చోట గెడతో నెట్టుకుంటూ పోతాం. వలలకు వంతులు వేసుకున్నట్టే దీనికీ వంతులు వేసుకున్నాం. మొదటి రోజే ఒక కట్టుబాటు కూడా పెట్టుకున్నాం: దిబ్బ మీద మనుషుల్ని దించిన పడవ, వాళ్లు మళ్లీ ఎక్కేదాకా అక్కణ్ణించి కదలకూడదు. దిబ్బకు రెండు వైపులా ఏరు లోతు. ఈత వచ్చిన వాళ్లను కూడా నీటి వడి లాగేస్తుంది. ఆ కట్టుబాటు పెట్టాలని పట్టుబట్టింది నేనే.

అది పౌర్ణమి మరునాడు, ఆదివారం. మధ్యాహ్నం మూడు గంటలకు నా వంతు వచ్చింది. పొద్దునే ఫోన్ చేసి పడవ చెప్పుకున్న ఒకాయన గూడూరు నుంచి భార్యనూ తల్లినీ తీసుకొని వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. గూడూరులో నిమ్మకాయల వ్యాపారమని, లోడ్లు ఎక్కడెక్కడికి పోతాయో, పడవ ఎక్కుతూనే చెప్పాడు. నేను తలూపాను. అంతవరకు ఏమీ లేదు.

సగం దూరం పోయాక చిప్స్ ప్యాకెట్ తినేసి నీళ్లలోకి విసిరాడు. రొయ్యల గుంటల నుంచి వదిలే మురికితో మా ఏరు ఇప్పటికే చచ్చి బతుకుతున్నది. నేను పడవ తిప్పి, ప్యాకెట్‌ను తెడ్డుతో దగ్గరికి లాక్కొని తీసి, కాళ్ల దగ్గర పలక కింద పెట్టాను. ఆయన అది చూశాడు. ఇంకో ప్యాకెట్‌లో మిగిలినవి గబగబా నోట్లో పోసుకొని, దాన్నీ విసిరాడు.

"ఇంకోటి ఉండాదయ్యా. ఇది కూడా ఏరుకో."

భార్య నవ్వాపుకోలేక మొహం అటు తిప్పుకుంది. నేను రెండోది కూడా తీశాను. నా కోపం ఎట్లాంటిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఒకసారి మా తమ్ముడితో గొడవపడి కొత్త తెడ్డును రాతికేసి కొట్టి విరిచాను. వాడు రెండేళ్లు నాతో మాట్లాడలేదు. పెళ్లయిన కొత్తలో నా భార్య నేను ఇంట్లోకి వస్తున్న అడుగుల చప్పుడును బట్టి నాతో మాట్లాడాలో వద్దో తేల్చుకునేది. ఇది గొప్పగా చెప్పుకునే సంగతి కాదు.

తర్వాత ఆయన లేచి చెప్పులతోనే పడవ ముందు కొస మీదికి ఎక్కి నిలబడ్డాడు. దాన్ని మేం అణియం అంటాం. శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, గంగమ్మను తలుచుకొని పడవ నీళ్లలోకి తోస్తాం. దాని మీద మేమెవరం కాలు పెట్టం.

"సార్, ఆడ ఎక్కబాకండి. దిగండి సార్."

"ఫొటో తీసుకొని దిగతాలేవయ్యా."

"అది మేం దణ్ణం పెట్టుకునే చోటు సార్. చెప్పులన్నా తీయండి."

ఆయన గట్టిగా నవ్వాడు. "పడవకి కూడా దేవుడా? ఇంత చేపల కంపులో దేవుడు యాడుంటాడయ్యా?"

వెనక కూర్చున్న తల్లి, "ఒరే, దిగరా. ఆయన అంతగా చెప్తా ఉండాడు గదా," అంది.

"నువ్వుండమ్మా. నడిపేదానికి వచ్చినోడు నడపాల. మనకు చెప్పేదేంది?"

భార్య ఫొటో తీసింది. దిగే ముందు ఆయన మడమతో అణియాన్ని రెండుసార్లు తట్టి, "చూడు, ఏం గాలా," అన్నాడు నా వైపు చూసి.

గట్టిగా అరిచి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. ఒడ్డుకు తిప్పి, దిగి పొమ్మని ఉంటే ఇంకా బాగుండేది. ఆ హక్కు నాకుంది. కానీ నేను నోరు మూసుకొని తెడ్లు వేస్తూ, లోపల లెక్క కట్టుకున్నాను.

ఆ లెక్క ఏమిటో చెప్పాలి. మేం నీటిని తిథితో లెక్కపెడతాం. పౌర్ణమి మరునాడు సముద్రంలో మధ్యాహ్నం మూడు ప్రాంతానికి ఆటు అయిపోయి పోటు మొదలవుతుంది. కానీ మా ఏటి మొగ, అంటే ఏరు సముద్రంలో కలిసే నోరు, ఏళ్ల తరబడి ఇసుకతో పూడిపోయి ఉండేది. సముద్రం ఎక్కడం మొదలుపెట్టిన రెండు గంటలకు గానీ మా ఏట్లోకి నీళ్లు వచ్చేవి కావు. వచ్చినా మెల్లగా వచ్చేవి. దిబ్బ తడవడానికి పొద్దు గుంకేది. ఆ లెక్కతోనే పుట్టినప్పటి నుంచి బతికాం. కాబట్టి అయిదింటికి పోయినా వాళ్ల పాదాలు కూడా తడవవు, ఎండ మాత్రం బాగా తగులుతుంది అనుకున్నాను.

నెల కిందట ఆ మొగను పొక్లెయిన్‌తో తవ్వారు. ఊరంతా తిరిగి తిరిగి అడిగి తవ్వించుకున్నదే. నేను కూడా కొబ్బరికాయ కొట్టాను. అయినా తల్లో లెక్క మారలేదు. తిథి గుర్తుంది, తవ్విన మొగ గుర్తు లేదు. కోపం లేకపోతే గుర్తొచ్చేదేమో. కోపంలో ఉన్నవాడికి పాత లెక్కలే నోటికొస్తాయి.

దిబ్బ దగ్గర పడవ ఆపాను. కొడుకూ కోడలూ దూకేశారు. పెద్దామె దిగడానికి తటపటాయించింది. నేను నీళ్లలో నిలబడి చెయ్యి అందించాను. ఇసుక మీద కాలు మోపాక ఆమె నా చెయ్యి వదలకుండా, "నువ్వు ఈడే ఉంటావు గదా నాయనా?" అని అడిగింది.

"ఉంటానమ్మా," అన్నాను.

వాళ్లు గవ్వలు ఏరుకుంటూ అవతలి కొసకు నడిచాక, పడవను చప్పుడు కాకుండా తోశాను. చాలా దూరం వచ్చాక ఆయన చూశాడు. రెండు చేతులూ ఎత్తి ఊపాడు. నేను తల వంచుకొని తెడ్లు వేస్తూనే ఉన్నాను.

ఒడ్డున టీ కొట్టు నడిపే ఆమె భర్త జువ్వలదిన్నె హార్బరు నుంచి పెద్ద బోట్ల మీద వేటకు పోతాడు. ఆమె నన్ను అన్నా అంటుంది.

"ఏందన్నా, ఖాళీ పడవ వచ్చింది? మనుషులేరీ?"

"తిరగతా ఉండారులే. ఒక టీ ఇయ్యి."

"దిబ్బ మీద వదిలేసొచ్చినావా?"

"టీ ఇయ్యమంటే ఇయ్యి మే. నీకెందుకు?"

ఆమె టీ గ్లాసు ఠక్కున పెట్టి పోయింది. నేను తాగుతుండగానే బల్ల మీద ఫోన్ మోగింది. పొద్దున పడవ చెప్పుకున్న నంబరే. మోగినంతసేపూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆగింది. మళ్లీ మోగింది. 'ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడతావురా' అనుకున్నాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆ ఫోన్ మోగుతుంటే నాకు సంతోషం కలిగింది. అయిదారు సార్లు మోగింది. తర్వాత ఫోన్‌ను బోర్లా పెట్టాను. ఇంకాసేపటికి మోగడం ఆగిపోయింది. సిగ్గు తెచ్చుకొని ఊరుకున్నాడనుకున్నాను. వాళ్ల ఫోన్ నీళ్లలో పడిందని అప్పుడు నాకు తెలియదు.

గ్లాసులు కడగడానికి ఏటి దగ్గరికి వెళ్లిన ఆమె అక్కణ్ణుంచే అరిచింది.

"అన్నా! నీళ్లు చూసినావా? రేవు మెట్టు మునిగిపోయింది!"

"ఇప్పుడేం నీళ్లు? ఇంకా పొద్దుంది."

"ఏం పొద్దన్నా! మొగ తవ్వినాక నీళ్లు ఎంత బిర్రున వస్తా ఉండాయో నీకు తెల్వదా? మొన్న మా కోళ్ల గంప కొట్టుకపొయ్యింది. లెయ్యన్నా, ఆడ మనుషులుండారు!"

లేచి చూశాను. ఏరు వెనక్కి పారుతున్నది. నురగ, చెత్త, తుంగ, అన్నీ సముద్రం వైపు నుంచి మా వైపు పరుగెత్తుకొస్తున్నాయి. దిబ్బ ఉన్నచోట సన్నటి గీత మాత్రం కనిపించింది.

ఎదురు నీటిలో తెడ్లు వేయడం తెలిసిన వాళ్లకు తెలుసు, నాలుగు బారలు ముందుకు పోతే రెండు బారలు వెనక్కి తోస్తుంది. అంతకుముందు పావుగంటలో వచ్చిన దూరం తరగలేదు. లోతు తగ్గిన చోట లేచి గెడ పట్టి నెట్టాను. గెడ కింద నేల జారిపోతున్నది. నన్ను నేను తిట్టుకున్నాను, ఆయన్నీ తిట్టాను, మొగ తవ్విన వాళ్లనూ తిట్టాను. తిట్లన్నీ అయిపోయాక 'ఉంటానమ్మా' అన్న నా మాటే చెవుల్లో మిగిలింది.

దిబ్బ మధ్యలో పల్లం ఉంటుంది. నీళ్లు ముందు దాంట్లోకి వచ్చి దిబ్బను రెండు ముక్కలు చేస్తాయి. వాళ్లు సముద్రం వైపు ముక్క మీద చిక్కుకున్నారు. ఆయన తల్లిని వీపు మీద ఎక్కించుకొని నిలబడి ఉన్నాడు. మోకాళ్లు దాటి నీళ్లున్నాయి. భార్య ఆయన చొక్కాను రెండు చేతులతో పట్టుకొని ఉంది. కాళ్ల కింద ఇసుక కోసుకుపోతుంటే ఇద్దరూ అడుగు మార్చి అడుగు వేస్తూ తూలుతున్నారు. పెద్దామె చీర కొంగు నీళ్ల మీద తేలుతున్నది.

దూరం నుంచి ఆయన అరుపులు వినిపిస్తూనే ఉన్నాయి. నన్ను చూడగానే అరవడం ఆపేశాడు. పడవ దగ్గరికి వచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఏమన్నా అంటే నేను మళ్లీ వెనక్కి పోతానని భయపడ్డాడు. ఆ సంగతి నాకు అప్పుడే అర్థమైంది. ఒక మనిషి నన్ను చూసి అంత భయపడటం నా బతుకులో అదే మొదటిసారి. అంతసేపూ నేను కోరుకున్నది అదే. దక్కింది కదా, చూసుకో అని నన్ను నేను కొట్టుకోవాలనిపించింది.

పెద్దామెను ముందు ఎత్తుకొని పడవలో కూర్చోబెట్టాను. ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. నా తువ్వాలు కప్పబోతే కోడలు లాగి నీళ్లలోకి విసిరేసింది.

"మనిషివేనా నువ్వు? మనిషివేనా?"

ఒడ్డు చేరేదాకా అదే మాట అంటూ ఏడ్చింది.

ఒడ్డున మిగతా పడవల వాళ్లు అయిదుగురూ చేరారు. టీ కొట్టామె కేకలు విని పరుగెత్తుకొచ్చారు. నేల మీద కాలు పెట్టగానే ఆయనకు గొంతు తిరిగొచ్చింది. మమ్మల్ని చంపడానికి వదిలేసి వచ్చినాడని, పదిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదని అరిచాడు. నా చొక్కా పట్టుకున్నాడు. మా వాళ్లు అడ్డం పడ్డారు.

"ఏందిరా? ఏం జరిగింది?" అని మాలో పెద్దవాడు నన్ను అడిగాడు.

అక్కడ రెండో తప్పు చేశాను. మొదటిది కోపంతో చేశాను. ఇది భయంతో చేశాను.

"నీళ్ల సీసా తెమ్మంటే ఒడ్డుకొచ్చినా. పల్లం దాటి పోవద్దని చెప్పే వచ్చినా. వినకుండా ఆ కొసకు పొయ్యినారు. ఫోన్‌కు సిగ్నల్ లేదు."

మా వాళ్లు నన్ను నమ్మారు. ఎందుకు నమ్మరు? కట్టుబాటు పెట్టినవాణ్ణి నేనే కదా.

"విన్నారా సార్? చెప్పిన మాట వినకుండా మావాడి మీద పడతారేంది?" అన్నాడొకడు.

"ఈడికి వచ్చేది, తాగేది, సీసాలు పగలగొట్టేది, ఏమన్నా అయితే మమ్మల్ని అనేది."

"మాయన తాగలేదు!" అని భార్య అరిచింది.

"మీరట్నే చెప్తారమ్మా."

మా వాళ్ల కోపం కూడా ఏళ్ల తరబడి పేరుకున్నదే. అందులో అబద్ధం లేదు. నేను ఆ కోపాన్ని నా అబద్ధానికి కాపలా పెట్టాను. ఆయన అందరి మొహాలూ చూశాడు. తర్వాత తల్లి చెయ్యి పట్టుకొని కారు వైపు నడిచాడు. చెప్పులు నీళ్లలో పోయినట్టున్నాయి, ముగ్గురూ వట్టి కాళ్లతో వేడి తారు మీద నడిచారు. పెద్దామె ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది.

అందరూ పోయాక టీ కొట్టామె బల్లలు తుడుస్తూ నా దగ్గర ఆగింది.

"అన్నా, ఫోన్ మోగింది గదా."

నేను ఖాళీ గ్లాసును ఆమె వైపు జరిపాను.

"నేను విన్లేదనుకున్నావా? ఆయన పొగరుబోతు నాయాలే, కాదన్లా. ఆ ముసలామె ఏం జేసింది? నీళ్లు రాకుండా ఉంటే నువ్వు చేసింది మంచిదయిపోయేదా?"

"నువ్వు వాళ్లకు చెప్పకపొయ్యావే?"

"నేనెందుకు జెప్పాల? నోరు నాకొక్కదానికే ఉండాదా?"

ఆ మాటకు కూడా నాకు కోపమే వచ్చింది. ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాను. కంచం పక్కకు జరిపి లేచి, చీకటి పడక ముందే అయిదుగురినీ పడవల దగ్గరికి పిలిచాను. ప్యాకెట్ల దగ్గర మొదలుపెట్టి, అణియం సంగతి, 'ఉంటానమ్మా' అన్న మాట, మోగిన ఫోన్, అన్నీ చెప్పాను. అణియం మీద చెప్పులతో ఎక్కాడనగానే ఒకడు, "కొట్టాల్సింది నాయాల్ని," అన్నాడు. ఫోన్ దగ్గరికి వచ్చేసరికి వాడే మొహం తిప్పుకున్నాడు.

"నీ మాట నమ్మి, మునిగిపోబొయ్యిన మనుషుల్ని మేం తిట్టినాం," అన్నాడు పెద్దవాడు. "మా నోళ్లు కూడా పాడు చేసినావు గదరా." అంతకంటే పెద్ద తిట్టు నేను వినలేదు. నెల రోజులు నా పడవ నీళ్లలో దిగకూడదన్నారు. సరేనన్నాను.

మర్నాడు ఆ నంబరుకు ఫోన్ చేస్తే పలకలేదు. బస్సెక్కి గూడూరు పోయాను. పడవ చెప్పుకున్నప్పుడు ఆయన ఇచ్చిన పేరు నిమ్మకాయల మార్కెట్‌లో చెప్పి అడిగితే చూపించారు. ఆయన కాయలు ఏరిస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చుట్టూ కూలివాళ్లు, పక్క దుకాణాల వాళ్లు ఉన్నారు. వాళ్లందరి ముందే చెప్పాను. నేను కావాలనే వదిలేసి పోయానని, నీళ్ల సీసా మాట, సిగ్నల్ మాట అబద్ధమని, మా వాళ్లు ఆయన్ను అన్నవన్నీ నా వల్లేనని.

ఆయన మొహం ఎర్రబడింది. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "నాకు గాదు. మాయమ్మకు చెప్పు, పా," అన్నాడు.

ఇల్లు దగ్గరే. పెద్దామె మంచం మీద దుప్పటి కప్పుకొని ఉంది. రాత్రి జ్వరం వచ్చిందట. నేను నేల మీద కూర్చొని మళ్లీ అంతా చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు. అయ్యాక ఒకటే అడిగింది.

"మావాడు ఫోన్ చేస్తా ఉంటే, అది మోగేది నీకు కనపడిందా?"

"కనపడిందమ్మా."

"కనపడిందా," అంది ఆమె. ఏడవలేదు, తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. కొడుకు నన్ను వాకిలి దాకా తెచ్చి వదిలాడు. గడప దగ్గర నేల చూస్తూ, "నేను ఆ చెప్పులు విడిచి ఉండాల్సింది," అన్నాడు. ఆ మాట తీసుకునే అర్హత నాకు లేదనిపించింది. క్షమించానని ఎవరూ అనలేదు. అడగడానికి నేను పోలేదు కూడా.

తిరిగొచ్చాక మా వాళ్లతో ఒక మాట చెప్పాను. నా పడవ కట్టేసి ఉన్నన్నాళ్లూ నేను దిబ్బ మీద ఉంటానని. తిథి లెక్క ఇక నమ్మొద్దని, మొగ తవ్వాక నీళ్లు ఎప్పుడు తిరుగుతున్నాయో, పల్లం ఎప్పుడు మునుగుతోందో ఎవరో ఒకరు అక్కడ నిలబడి చూడాలని. అట్లాగే చేశాను. ఆ నెలలో ప్రతి ఆదివారం, ప్రతి సెలవు రోజు, ఎవరి వంతయినా సరే, మొదటి పడవలో దిబ్బకు పోయి చివరి పడవలో వచ్చాను. పల్లంలో నీటి చారిక కనిపించగానే అందరినీ పిలిచి ఎక్కించేవాణ్ణి. నీళ్లు తిరిగిన వేళను గడియారం చూసి, ఏ రోజుకారోజు మిగతావాళ్లకు చెప్పేవాణ్ణి.

కోపం తగ్గిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ నెల చివరి ఆదివారం ఒక కుర్రకారు జట్టు వచ్చింది. నీళ్లు వస్తున్నాయి, ఎక్కండి అంటే ఒకడు కదల్లేదు. కాళ్లు చాపి కూర్చొని, "నువ్వెవడివయ్యా చెప్పేదానికి? పో, పోయి చేపలు పట్టుకో," అన్నాడు. నా పిడికిలి బిగుసుకుంది. పడవ నడిపే మావాడు నా వైపు భయంగా చూశాడు. నీళ్లు ఆ కుర్రాడి మడమలు దాటాయి. నేను అతని పక్కనే నిలబడ్డాను. నా మోకాళ్ల దగ్గరికి వస్తుండగా అతను లేచి, నన్ను ఇంకో బూతు తిట్టి పడవ ఎక్కాడు. నేను పడవను తోసి, అందరికంటే చివర ఎక్కాను.